మొదటి కత్తికి ఏ ఉక్కు? కమాన్ పట్టీ నుంచి డీ2 దాకా

నీళ్ల డ్రమ్ములోంచి "టిక్" మని ఒక్క చప్పుడు వచ్చింది, ఎవరో గోరు విరిచినట్టు. కత్తిని పట్టుకారుతో పైకెత్తి చూస్తే వాదర (పదునంచు) నుంచి వెన్ను దాకా వెంట్రుకంత గీత. రెండు ఆదివారాలు గ్రైండర్ పట్టుకుని చేతులు బొబ్బలెక్కించుకున్న పని అక్కడితో అయిపోయింది.

ఆ ఉక్కు జడ్చర్ల దగ్గర హైవే పక్కన లారీలు బాగుచేసే షెడ్డులో ఊరికే ఇచ్చిన పాత కమాన్ పట్టీ, అంటే లారీ కింద బరువు మోసే స్ప్రింగు పట్టీ. కొలిమి తాత నవ్వలేదు, తిట్టలేదు. "గది లారీ మోసిన ఉక్కు బిడ్డా. పదేండ్లు ఎత్తెత్తి ఏసింది. లోపల యాడ ఇరిగిందో నీకేం ఎరుక?" అన్నాడు. తర్వాత డ్రమ్ము వైపు చూసి, "అయినా గీ ఉక్కును నీళ్లల్ల ముంచుమన్నదెవడు?" అని అడిగాడు. నేను ఆయన్ని చూసే ముంచాను. కాకపోతే ఆయన ముంచేది గడ్డపార మొన, అదీ మూడు వేళ్ల మేర. నేను అలుగు, అంటే కత్తి రేకు, మొత్తం ముంచేశాను.

అప్పటి నుంచి ఎవరైనా కత్తి చేస్తానని వచ్చి "అన్నా, ఏ ఉక్కు మంచిది?" అని అడిగితే, "నీ దగ్గర ఏ మంట ఉంది?" అని తిరిగి అడుగుతున్నాను. ఎంత గొప్ప ఉక్కైనా దానికి తగిన వేడి, తగినంతసేపు, తగిన రీతిలో చల్లార్చడం దొరక్కపోతే గేటు చువ్వతో సమానం. కాబట్టి ఉక్కుల జాబితా కన్నా ముందు నాలుగు సంగతులు తేల్చుకోవాలి.

## ముందు తేల్చుకోవాల్సినవి

మంట. ఊళ్లో కమ్మరి కొలిమి ఉందా, ఇంట్లోనే ఇటుకలు పేర్చి సర్కారు తుమ్మ బొగ్గులూ చిన్న బ్లోయరూ పెట్టుకుంటారా, అసలు మంటే లేకుండా గ్రైండర్ ఒక్కటే ఉందా, లేక బయట హీట్ ట్రీట్‌మెంట్ షాపుకు పంపగలరా. ఈ నాలుగింటికీ నాలుగు వేరే ఉక్కులు. మిగతా వ్యాసమంతా దీని చుట్టే తిరుగుతుంది.

ఉక్కులో ఏముందో తెలుసా? ఉక్కు గట్టిపడేది కార్బన్ వల్ల. ఎర్రగా కాలినప్పుడు లోపలి అమరిక మారి కార్బన్ అందులో కరిగిపోతుంది. గబుక్కున చల్లారిస్తే బయటికి రాలేక అక్కడే ఇరుక్కుంటుంది. ఆ బిగుతే మనకు దొరికే గట్టిదనం. కార్బన్ 0.3 శాతం లోపుంటే ఎంత కాల్చి ముంచినా వాదర నిలవదు. 0.6 దగ్గరికి వచ్చేసరికి దాదాపు పూర్తి గట్టిదనం వచ్చేస్తుంది. అంతకు మించిన కార్బన్ అరుగుదలను తట్టుకోవడానికి పనికొస్తుంది గానీ, వేడి చేసే చెయ్యికి పరీక్ష పెడుతుంది.

ఎంత మందం? ఇది చాలామంది మర్చిపోతారు. వంటింటి కత్తికి వెన్ను దగ్గర 2 నుంచి 3 మిల్లీమీటర్లు చాలు. లారీ కమాన్ పట్టీ మందం 10 మిల్లీమీటర్ల పైనే ఉంటుంది. దాన్ని సమ్మెటతో సాగగొట్టే వసతి లేకుండా గ్రైండర్‌తో మూడుకు దించుతానంటే, ఊరికే వచ్చిన ఉక్కు మీద డిస్కులకే మంచి ఉక్కు కొనేంత డబ్బు పోతుంది.

ఎవరు వాడతారు? చింతపండు, నిమ్మకాయ, ఉల్లిగడ్డ తగిలితే కార్బన్ ఉక్కు నల్లబడుతుంది. వాడేవాళ్లు కడిగి తుడిచి పెట్టే రకమా, సింకులో గిన్నెల కింద వదిలేసే రకమా అన్నది ఉక్కు గ్రేడ్ కన్నా పెద్ద ప్రశ్న. నేను మొదటి కత్తి చేసిచ్చినప్పుడు ఇంట్లో అడగలేదు. వారంలో మాట పడ్డాను.

## కమాన్ పట్టీ

మన వైపు మొదట గుర్తొచ్చేది ఇదే. అటు 44వ నంబరు హైవే మీద జడ్చర్ల, ఇటు 65వ నంబరు హైవే మీద చిట్యాల, నార్కట్‌పల్లి, సూర్యాపేట, ఎక్కడ లారీ ఆగితే అక్కడ విరిగిన పట్టీ ఉంటుంది. కొడవళ్లు, గొడ్డళ్లు, మటన్ కొట్టే కత్తులు మన కొలిముల్లో చాలావరకు దీంతోనే అవుతాయి.

లోపల ఏముంటుందంటే, మన దేశంలో పట్టీలకు వాడే గ్రేడ్లు రెండు మూడు కుటుంబాలవి. సిలికాన్, మాంగనీసు కలిసినవి ఒకటి: ఈఎన్ 45, 55ఎస్ఐ7 లాంటివి. క్రోమియం కలిసినవి మరొకటి: ఎస్‌యూపీ 9, ఎస్‌యూపీ 11ఏ. క్రోమియంతో పాటు వెనేడియం ఉన్న ఈఎన్ 47 ఇంకొకటి. కార్బన్ అన్నిట్లో సుమారు 0.5 నుంచి 0.65 మధ్యే. అంటే కత్తికి సరిపోతుంది. మొండితనం ఎక్కువ. ఎముక మీద పడ్డా, కట్టె మీద పడ్డా వాదర వంగుతుందేమో గానీ పెచ్చు లేవదు. ఇంకో మేలు, నూనెలో ముంచేటప్పుడు క్షణం ఆలస్యమైనా క్షమిస్తుంది. కొలిమికీ నూనె డబ్బాకూ మధ్య తడబడే కొత్తవాడికి ఆ క్షణం విలువ తెలుస్తుంది.

చిక్కు రెండు చోట్ల ఉంది. మొదటిది, పాత పట్టీలో కంటికి కనిపించని పగుళ్లు. పట్టీ మధ్య బోల్టు రంధ్రం చుట్టూ, తుప్పు గుంటలు పడ్డ పైవైపు ఇవి మొదలవుతాయి. కనిపెట్టడానికి పాతకాలపు ఉపాయం ఒకటుంది. పట్టీని వైరు బ్రష్షుతో శుభ్రంగా రుద్ది, కిరసనాయిలు రాసి పావుగంట వదిలేయండి. గుడ్డతో పూర్తిగా తుడిచేసి పైన సుద్దపొడి చల్లండి. పగులుంటే అందులో దాగిన కిరసనాయిలు మెల్లగా పైకొచ్చి తెల్లటి సుద్ద మీద తడి గీత గీస్తుంది. నా రెండో పట్టీ మీద అలా రెండు గీతలు కనిపించాయి, రెండూ బోల్టు రంధ్రం నుంచి బయల్దేరినవే. ఆ భాగం కోసి పారేసి మిగతాది వాడాను.

అంతకన్నా తేలిక దారి ఇంకోటి. కమాన్ కట్టలు కొత్తగా కట్టే షాపుల్లో కొలత ప్రకారం కోసినప్పుడు మిగిలే కొత్త ముక్కలు తూకానికి అడగండి. పాత పట్టీ ఊరికే వస్తుందన్న మాట నిజమే. కానీ ఈ కొత్త ముక్క ఇంతవరకు బరువు మోసింది కాదు, అలిసిపోయింది కాదు. ఏ గ్రేడో షాపువాళ్లకు తెలిసే అవకాశమూ ఉంది.

రెండో చిక్కు మందం. లారీది కాకుండా చిన్న ట్రాలీ బండ్ల, జీపుల పట్టీ అడిగితే 6 నుంచి 8 మిల్లీమీటర్లలో దొరుకుతుంది. అయినా వంటింటి కత్తికి అది మందమే, సాగగొట్టాల్సిందే. పైగా పట్టీ ముందే స్ప్రింగు గట్టిదనంలో ఉంటుంది, డ్రిల్లు బిట్టు దిగదు. ఎర్రగా కాల్చి బూడిదలో పూడ్చి రాత్రంతా వదిలేయాలి. దీనికి మిర్యాలగూడ రైస్ మిల్లుల ఊక బూడిదను మించింది లేదు. వేడిని అంత మెల్లగా వదులుతుంది కాబట్టే ఉక్కు కర్మాగారాల్లో కూడా కరిగిన ఉక్కు పైన దాన్నే కప్పుతారు. సాయంత్రం పూడ్చిన పట్టీ తెల్లారి తీసినా గోరువెచ్చగా ఉంటుంది.

గట్టిపరచడానికి సుమారు 840 నుంచి 870 డిగ్రీల సెల్సియస్. ఆ తర్వాత వెచ్చటి నూనె. నీళ్లు వద్దు, చెప్పాను కదా.

## 1075, 1084 రకం కొత్త పట్టీ

సాదా కార్బన్ ఉక్కు. ఈ అంకెలు అమెరికా లెక్కలో గ్రేడ్ నంబర్లు. 1084లో కార్బన్ 0.80 నుంచి 0.93 శాతం, కాస్త మాంగనీసు, అంతే. 1075లో కార్బన్ 0.7 పైన మొదలవుతుంది. పాత బ్రిటిష్ లెక్కలో ఈఎన్ 42జె దీని దగ్గరి చుట్టం. కత్తులు చేసేవాళ్లకు ఉక్కు అమ్మే ఆన్‌లైన్ దుకాణాల్లో 3 మిల్లీమీటర్ల పట్టీలుగా దొరుకుతుంది. హైదరాబాద్ రాణిగంజ్ వైపు వెళ్తే స్ప్రింగు పట్టీ పేరుతో అడిగి చూడొచ్చు. ఎక్కడ కొన్నా గ్రేడ్ రాసిచ్చిన టెస్ట్ సర్టిఫికెట్ ఉందా అని అడగడం మరవకండి.

కొత్తవాళ్లకు ప్రపంచమంతా దీన్నే ఎందుకు చెప్తారో చేసి చూస్తే గానీ అర్థం కాదు. ఇనుము సుమారు 770 డిగ్రీల దగ్గర అయస్కాంతానికి అంటడం మానేస్తుంది. 1084కు కావాల్సింది సుమారు 815. అంటే పాత స్పీకరులోని అయస్కాంతాన్ని తీగకు కట్టి, అలుగు దానికి అంటడం మానేశాక ఇంకొక్క ఛాయ పైకి తీసుకెళ్తే చాలు. ఇంకో ఆనవాలు కావాలంటే వంటింట్లోనే ఉంది. ఉప్పు 801 డిగ్రీలకు కరుగుతుంది. అలుగు మీద చిటికెడు ఉప్పు చల్లి, అది గాజులా కరిగి పరుచుకోగానే నూనెలో ముంచేయొచ్చు. ఎక్కువసేపు ఆ వేడిలో నిలబెట్టాల్సిన పని లేదు. థర్మామీటర్ లేని కొలిమిలో ఇంత పక్కాగా కుదిరే ఉక్కు మరొకటి నాకు దొరకలేదు.

వేడి రంగు చూడటానికి ఎండ పనికిరాదు. మిట్టమధ్యాహ్నం పాలమూరు ఎండలో 850 డిగ్రీల అలుగు కూడా మసి పట్టినట్టే కనిపిస్తుంది. సందెవేళ, షెడ్డు నీడలో చెయ్యండి.

దీని లోపం, నూనెకు అందే తీరు. కమాన్ పట్టీ అంత ఓపిక లేదు. కొలిమిలోంచి తీశాక సెకన్లో నూనెలో ఉండాలి. అందుకే నూనె డబ్బా చేతికి అందే దూరంలో ఉంచుకుని, చల్లటి కత్తితోనే రెండు మూడుసార్లు చెయ్యి తిప్పి అలవాటు చేసుకోండి. 1095 జోలికి మాత్రం ఇప్పుడే వెళ్లొద్దు. కార్బన్ ఎక్కువ, మాంగనీసు తక్కువ. 1084కు సరిపోయే వేగం దానికి చాలదు.

నూనె సంగతికొస్తే, పల్లి పండే జిల్లాలో ఉండి వేరే నూనె వెతకడం దండగ. పల్లి నూనె త్వరగా పొగెత్తదు, పలుచగా ఉంటుంది. 50, 60 డిగ్రీలకు వెచ్చబెడితే ఇంకా పలుచబడి చల్లారే వేగం పెరుగుతుంది. వాడేసిన ఇంజన్ ఆయిలు ఊరికే వస్తుంది గానీ, దాని పొగలో ఏముందో మీ ఊపిరితిత్తులకు తెలుస్తుంది. ఇనుప డబ్బా, పైన మూయడానికి ఇనుప మూత, పక్కన ఇసుక బకెట్. ప్లాస్టిక్ డబ్బాలో ముంచినవాణ్ని ఒకణ్ని చూశాను, అతని కనుబొమ్మలు మళ్లీ వచ్చాయి.

## పాత ఆకురాయి, బేరింగు

ఆకురాళ్లలో (ఇనుము అరగదీసే ఫైళ్లలో) కార్బన్ ఒక శాతం పైనే. మంచి పాత ఆకురాయితో చేసిన చిన్న కత్తి వాదర చాలా రోజులు నిలుస్తుంది. కానీ పళ్లన్నీ పూర్తిగా అరగదీయకుండా ముంచితే ప్రతి పంటి మొదలూ ఒక పగులుకు పునాది. ఈమధ్య చవగ్గా దొరికే కొన్ని ఆకురాళ్లకు పైపొర మాత్రమే గట్టి, లోపల మెత్తటి ఇనుము. చివర చిన్న ముక్క విరిచి చూస్తే అంచుకూ మధ్యకూ తేడా తెలిసిపోతుంది.

బేరింగు ఉక్కును ఈఎన్ 31 అంటారు, అమెరికా లెక్కలో 52100. కార్బన్ 0.9 నుంచి 1.2, క్రోమియం ఒకటిన్నర శాతం దాకా. మిల్లులోనో ట్రాక్టరులోనో పోయిన పెద్ద బేరింగు బయటి రింగు కోసి చాపితే కత్తికి సరిపడా ఉక్కు. వంటింటి కత్తికి దీన్ని మించిన వాదర అరుదు అని నమ్మేవాళ్లలో నేనూ ఉన్నాను. కానీ క్రోమియంతో బిగుసుకున్న కార్బన్ కరగాలంటే సుమారు 840 డిగ్రీల దగ్గర పది నిమిషాలకు తగ్గకుండా నిలకడగా ఉంచాలి. బొగ్గుల కొలిమిలో అది ఒక్క అంగుళం మేర కూడా కుదరదు. మొన కాలిపోతుంది, పిడి వైపు మడమ చల్లగా ఉంటుంది. టేపర్ రోలర్ బేరింగుల్లో పైపొర గట్టిపరిచిన తక్కువ కార్బన్ రకాలూ ఉంటాయి, వాటితో అసలుకే మోసం. మూడో నాలుగో కత్తికి చూసుకోండి.

## మంట అక్కర్లేని రెండు

సామిల్లులో దుంగలు కోసే వెడల్పాటి బ్యాండ్ సా బ్లేడు విరిగితే చుట్టి మూలకు పడేస్తారు. మందం మిల్లీమీటరుకు అటూ ఇటూ. ముందే స్ప్రింగులా గట్టిపరచి ఉంటుంది. కత్తెరలా గ్రైండర్‌తో ఆకారం కోసి, వేడెక్కకుండా మాటిమాటికీ నీళ్లలో తడుపుతూ పదును పెడితే ఆ సాయంత్రమే కూరగాయలు తరగొచ్చు. వాదర మెత్తన, తరచూ సాన పట్టాలి. కానీ సన్నగా ఉంటుంది కాబట్టి తెగే తీరు చూసి ఇంట్లోవాళ్లు మెచ్చుకునేది ఈ కత్తినే. చేసినవాడికి ఇది కొంచెం చిన్నతనంగా ఉంటుంది.

రెండోది ఇనుప దుకాణాల్లో పవర్ హాక్సాకు (ఇనుము కోసే మోటారు రంపానికి) వాడి పారేసిన పెద్ద బ్లేడు. పూర్తి హెచ్‌ఎస్‌ఎస్ (హై స్పీడ్ స్టీల్) అయితే 60 హెచ్‌ఆర్‌సీ (గట్టిదనాన్ని కొలిచే రాక్‌వెల్ సి లెక్క) పైన గట్టిదనంతో వస్తుంది. 500 డిగ్రీల వేడికి కూడా మెత్తబడదు కాబట్టి గ్రైండర్ కింద వాదర పాడవుతుందన్న భయం తక్కువ. మన దేశంలో మంట లేకుండా కత్తులు చేసేవాళ్లు చాలామంది దీంతోనే మొదలుపెడతారు. బాధ ఏంటంటే పెళుసు. కింద పడితే రెండు ముక్కలు. ఎముక మీద కొడితే పెచ్చు. రంధ్రం పెట్టాలంటే మామూలు డ్రిల్లు బిట్టు అరిగి అలాగే ఉండిపోతుంది, కార్బైడ్ బిట్టు కావాలి. ఎర్రగా కాగినప్పుడు నీళ్లలో పెట్టొద్దు, పగులుతుంది. వేడెక్కకముందే తడుపుతూ ఉండాలి.

కొనేముందు రాపిడి నిప్పురవ్వలు చూడండి. పూర్తి హెచ్‌ఎస్‌ఎస్ అయితే మసక ఎరుపు రవ్వలు, పొట్టిగా, పెద్దగా చిట్లకుండా వస్తాయి. ఇప్పుడు ఎక్కువగా వచ్చేవి బైమెటల్ బ్లేడ్లు. పళ్ల దగ్గర మాత్రమే హెచ్‌ఎస్‌ఎస్, వెన్నంతా స్ప్రింగు ఉక్కు. పళ్లు గీకేశాక మిగిలేది స్ప్రింగే. అదేం చెడ్డది కాదు గానీ, ఏం కొన్నామో తెలిసి కొనాలి.

## డీ2, 440సీ

డీ2లో కార్బన్ ఒకటిన్నర శాతం, క్రోమియం 12 దగ్గర. పంచింగ్ డైలకు వాడే ఉక్కు కాబట్టి హైదరాబాద్‌లో తేలిగ్గా దొరుకుతుంది. 440సీ నిజమైన తుప్పు పట్టని రకం, క్రోమియం 16 నుంచి 18. రెండూ 1000 డిగ్రీలు దాటిన నిలకడ వేడి అడుగుతాయి. కొలిమిలో చేస్తానంటే ఆకారం మాత్రం మీ చేతికి వస్తుంది, కత్తి రాదు. బాలానగర్, జీడిమెట్ల వైపు జాబ్ వర్క్ చేసే హీట్ ట్రీట్‌మెంట్ షాపులున్నాయి. నలుగురు స్నేహితులు తలా ఒక అలుగు కలిపి ఒకేసారి పంపితే ఖర్చు పంచుకోవచ్చు. వెన్ను మందం, వాదర దగ్గర మందం కాగితం మీద రాసివ్వండి. వాదరను ముందే పదునుగా చేసి పంపొద్దు, వేడిలో వంకర తిరుగుతుంది. అర మిల్లీమీటరైనా మిగల్చండి.

## పక్కన పెట్టాల్సినవి

ఇల్లు కట్టగా మిగిలిన టీఎంటీ చువ్వలో ప్రమాణం ప్రకారం కార్బన్ 0.30 శాతం దాటకూడదు. వెల్డింగ్ షాపు పట్టీ అంతకన్నా తక్కువ. 304, 202 స్టీలు ప్లేట్లు ఎంత మెరిసినా కాల్చి ముంచితే గట్టిపడవు. రోటవేటర్ బ్లేడ్లు మోసం చేస్తాయి. పొలంలో అంత అరుగుదల తట్టుకుంటాయి కదా అనిపిస్తుంది గానీ, బోరాన్ ఉక్కు రకమైతే కార్బన్ 0.3 దగ్గరే. జింకు పూత ఉన్నదేదీ కొలిమిలో పెట్టొద్దు. ఆ తెల్లటి పొగ పీలిస్తే ఆ రాత్రి చలిజ్వరమే.

రైలు పట్టా ముక్క, పట్టాను పట్టి ఉంచే క్లిప్పు, రెండూ కత్తికి పనికొచ్చే ఉక్కే. క్లిప్పు అయితే 55ఎస్ఐ7, అచ్చం కమాన్ పట్టీ. కానీ అవి దగ్గర ఉండటమే 1966 నాటి రైల్వే ఆస్తి చట్టం కింద నేరం కావొచ్చు. పాత ఇనుము కొట్లో తూకానికి వచ్చినా సరే, వద్దు.

కత్తి పొడవు గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాను. 9 అంగుళాల కన్నా పొడవైన, లేదా 2 అంగుళాల కన్నా వెడల్పైన అలుగులను ఆయుధాల నిబంధనలు ఆయుధాల జాబితాలో చేర్చాయి. ఇంటి పనికి, వ్యవసాయానికి చేసినవాటికి మినహాయింపు ఉంది. మొదటి కత్తి 5, 6 అంగుళాల వంటింటి కత్తి అయితే ఈ గొడవే లేదు, పైగా కొలిమిలో అంత పొడవునే సమంగా కాల్చగలం.

## ఒక్కచోట చూసుకుంటే

| ఉక్కు | కార్బన్ శాతం, సుమారు | బొగ్గుల కొలిమిలో | చల్లార్చేది | తుప్పు | దేనికి |
|---|---|---|---|---|---|
| కమాన్ పట్టీ | 0.5–0.65 | కుదురుతుంది | వెచ్చటి నూనె | పడుతుంది | మటన్ కత్తి, కొడవలి, తోట పని |
| 1075, 1084 | 0.7–0.93 | అన్నిటికన్నా సులువు | వెచ్చటి నూనె, వెంటనే | త్వరగా | వంటింటి కత్తి, మొదటి కత్తి |
| పాత ఆకురాయి | 1.0 పైన | జాగ్రత్తగా | వెచ్చటి నూనె | త్వరగా | చిన్న కత్తి |
| ఈఎన్ 31 | 0.9–1.2 | నిలకడ వేడి దొరకదు | నూనె | పడుతుంది | సన్నటి వాదర, అనుభవం వచ్చాక |
| సామిల్ బ్లేడు | 0.7–0.8 | అక్కర్లేదు | అక్కర్లేదు | పడుతుంది | కూరగాయల కత్తి |
| హెచ్‌ఎస్‌ఎస్ బ్లేడు | 0.8–0.9 | అక్కర్లేదు | అక్కర్లేదు | కొంచెం | చిన్న కత్తి, కొట్టే పనికి కాదు |
| డీ2 | 1.5 | కుదరదు | షాపులో, గాలి | తక్కువ | డబ్బు పెట్టగలిగితే |
| 440సీ | 0.95–1.2 | కుదరదు | షాపులో | చాలా తక్కువ | సింకులో వదిలే ఇంటికి |

పట్టికలో లేనిది ఒకటి. కోనసముద్రం ఉక్కు గురించి చదివి, డమాస్కస్ కత్తుల కథలు విని, మొదటి కత్తే అలాంటిది చేస్తానని వచ్చేవాళ్లుంటారు. నిజామాబాద్ వైపు ఆ ఊళ్లో మూసల్లో కరిగించిన ఉక్కు దేశాలు దాటి వెళ్లింది, మన ఉక్కు మాటే ఇంగ్లీషువాళ్ల నోట్లో వూట్జ్ అయిందంటారు. గర్వపడదాం. కానీ అది తరతరాల చెయ్యి. మనకింకా అయస్కాంతం ఎప్పుడు వదులుతుందో చూడటం రావాలి.

## మీరు ఎవరైతే, ఏది

నల్లగొండలో గది అద్దెకుంటూ, చేతి గ్రైండర్ తప్ప ఇంకేం లేని విద్యార్థి అయితే సామిల్ బ్లేడు. హెచ్‌ఎస్‌ఎస్ కన్నా దీన్ని ముందు పెడుతున్నాను, ఎందుకంటే పిడికి రంధ్రాలు పెట్టే దగ్గరే హెచ్‌ఎస్‌ఎస్ చాలామందిని ఓడించి ఇంటికి పంపుతుంది. ఇనుప దుమ్ముకు మాస్కు కట్టుకోండి, పక్క గదివాళ్ల మధ్యాహ్నం నిద్రను గౌరవించండి.

ఊళ్లో కొలిమి ఉండి, కమ్మరి పెద్దమనిషి పక్కన నిలబడనిచ్చేట్టయితే, పొలం పనికి గానీ మటన్‌కు గానీ కత్తి కావాలనుకుంటే, కొత్త కమాన్ ముక్క. ఇక్కడ ఉక్కుకన్నా ఆ పక్కన నిలబడటమే లాభం. సమ్మెట దెబ్బ ఎక్కడ వేయాలో, ఉక్కు ఏ రంగు దాటితే సుత్తె ఆపాలో ఏ వీడియోలోనూ అంత దగ్గరగా కనపడదు.

ఇంటి పెరట్లో ఇటుకల కొలిమి పెట్టుకుని ఒంటరిగా నేర్చుకునేవాళ్లకు 1084, 3 మిల్లీమీటర్లది. డబ్బు పెట్టి కొనాలి, నిజమే. కానీ తప్పు జరిగితే ఉక్కుదా మీదా అన్న అనుమానం ఉండదు. నేర్చుకునేవాడికి అదే పెద్ద సుఖం.

హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తూ సెలవులకు పాలమూరు వచ్చే అన్నలకు ఆకారం మీద, పిడి మీద మక్కువ ఎక్కువ, మంట మీద తక్కువ. డీ2 తీసుకుని షాపుకు పంపండి. అమ్మకు ఇవ్వాలనుకుంటే 440సీ.

తాళ్లు గీసే ఇంటి పిల్లలు గీత కత్తి చేస్తామని అడుగుతారు. నా సలహా, ఇప్పుడే వద్దు. మా ఊరి గౌడ్ మామ తన కత్తికి పొద్దున సాన పట్టి వెంట్రుక తెగుతుందో లేదో చేతి మీద చూసుకుంటాడు. చెట్టు మీద, మోకు మీద మనిషి ప్రాణం వేలాడుతూ ఉన్నప్పుడు వాడే కత్తి అది. మీ పదో కత్తి అవ్వనీయండి.

## కత్తి కన్నా ముందు మూడు ముక్కలు

మీరే కాల్చి ముంచే ఉక్కు ఏది తెచ్చుకున్నా మొదట అలుగు కొయ్యొద్దు. వేలంత పొడవున్న మూడు ముక్కలు కోయండి. ఒకదాన్ని అయస్కాంతం వదలగానే నూనెలో ముంచండి. రెండోదాన్ని ఒక ఛాయ పైకి, మూడోదాన్ని నారింజ దాటి పసుపు తిరిగేదాకా కాల్చి ముంచండి. పాత ఆకురాయితో గీకితే గట్టిపడ్డ ముక్క మీద గాజు మీద జారినట్టు జారుతుంది. పట్టుకుని గీరుకుంటే గట్టిపడలేదు. తర్వాత వైసులో బిగించి, గుడ్డ చుట్టి, కళ్లకు అద్దాలు పెట్టుకుని సుత్తెతో విరవండి.

విరిగిన చోటు చూడాలి. సరైన వేడిది బూడిద రంగు మఖమల్ గుడ్డలా, గింజ కనపడనంత సన్నగా ఉంటుంది. ఎక్కువ కాలింది చక్కెర పలుకుల్లా మెరుస్తుంది. ఆ మెరుపే కత్తి రేపు విరిగే చోటు.

సరైన వేడి దొరికాక అలుగు. పెళుసుదనం తగ్గడానికి, ముంచిన గంటలోపే ఓటీజీలో (వంటింటి కరెంటు ఓవెన్‌లో) 200 డిగ్రీల దగ్గర రెండు గంటలు, బయట చల్లారాక మళ్లీ రెండు గంటలు. 1084 అయితే అప్పుడు లేత గడ్డి రంగు తేలి 60 హెచ్‌ఆర్‌సీ దగ్గర నిలుస్తుంది. ఎముక కొట్టే కమాన్ కత్తికి 230 పెట్టండి. ఓటీజీ మీటరును నమ్మకండి, లోపల వేరే థర్మామీటర్ పెట్టి చూడండి. మాది 200 అని చూపిస్తూ 225 కొట్టేది.

రెండోసారి నేను 1084 ముక్కలు మూడూ విరిచి తాత దగ్గరికి పట్టుకెళ్లాను. ఒక్కోదాన్ని వెలుతురుకు ఎత్తి, కన్ను చికిలించి చూశాడు. చక్కెర పలుకుల్ది దూరంగా విసిరేశాడు. గీరుకున్నదాన్ని జేబులో వేసుకున్నాడు, మేకుకు పనికొస్తదన్నాడు. మిగిలినదాన్ని బొటనవేలితో రెండుసార్లు రాసి నా చేతిలో పెట్టాడు.

"ఇగ కత్తి కొయ్యి."